ఇరవై ఐదు పైచిలుకు

జులై 7, సోమవారం

లెక్కల మేడం కాన్పుకు వెళ్లింది. ఆమె తిరిగొచ్చేదాకా తొమ్మిదో తరగతి డి సెక్షన్ లెక్కలు నా నెత్తిన పడ్డాయి. టైం టేబుల్లో ఖాళీగా కనిపించింది నేనొక్కదాన్నేనట. పీటీ మేడం అంటే ఖాళీగా ఉండే మనిషని ఈ స్కూల్లో అందరికీ గట్టి నమ్మకం. పదిహేనేళ్లుగా ఎండలో విజిల్ ఊదుతూ ఖాళీగానే ఉన్నాను.

పెద్దమేడం తన గదికి పిలిపించి మరీ చెప్పారు. భయపడాల్సిందేమీ లేదట. ఆల్జీబ్రా జోలికి పోనక్కర్లేదట. రోజువారీ లెక్కలే, బిల్లులు, డిస్కౌంట్లు, రౌండింగ్, అంతేనట. పోయినసారి టెస్టులో ముప్పై ఎనిమిది మందిలో తొమ్మిది మందే గట్టెక్కారట. నెల తర్వాత మళ్లీ టెస్టు. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది పాస్ కాకపోతే సాయంత్రం గేమ్స్ పీరియడ్ తీసేసి, దాన్ని కూడా లెక్కలకే ఇచ్చేస్తారట.

గేమ్స్ పీరియడ్ పోతే ఇక నేనెందుకు ఈ స్కూల్లో? ఆ మాట పైకి అనలేదు. సరే మేడం అని వచ్చేశాను. వరండాలో నిలబడి లెక్కేసుకున్నాను. ఇరవై ఐదు పైచిలుకు వచ్చింది. ఇరవై ఐదు అనుకున్నాను.

పదో తరగతి లెక్కల్లో నాకొచ్చింది ముప్పై ఆరు. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలియదు.

జులై 8, మంగళవారం

మామయ్యగారికి చెప్పక తప్పలేదు. పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై రెండేళ్లు కూర్చున్న మనిషి. నేను కాపురానికొచ్చి పద్నాలుగేళ్లు. టీ తాగుతారా మామయ్యగారూ, తాగుతానమ్మా, ఇంతకు మించి మా మధ్య మాటలు సాగింది లేదు. నాకు లెక్కలు చెప్పండి అనగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్న తీరు చూడాలి. ఎవరో ప్రమోషన్ ఇచ్చినట్టు నిటారుగా కూర్చున్నారు.

ఒక బంతి 249.50 అయితే నాలుగు బంతులు ఎంత అని అడిగారు. పెన్ను తీశాను. పెన్ను లాగేసుకున్నారు. రెండొందల యాభై అనుకోమ్మా, నాలుగైతే వెయ్యి, ఒక్కోదానికి అర చొప్పున ఎక్కువ వేశావు కదా, నాలుగర్ధాలు రెండు, అది వెనక్కి ఇచ్చెయ్ అన్నారు. 998. అంతేనా అన్నాను. అంతేనమ్మా, మిగతాదంతా భయమే అన్నారు.

జులై 10, గురువారం

క్లాసులోకి వెళ్లగానే అలవాటు కొద్దీ విజిల్ ఊదాను. అందరూ లేచి లైన్లో నిలబడ్డారు. సరే, అదీ మంచిదే అనుకుని అలాగే గ్రౌండ్‌లోకి నడిపించుకుపోయాను.

నాలుగు బెంచీలు వేసి నాలుగు కొట్లు పెట్టించాను. బంతులు, బ్యాట్లు, తాళ్లు, రేట్లు రాసిన అట్టముక్కలు. కొనేవాళ్లు సగం, అమ్మేవాళ్లు సగం. అట్టతో చేసిన నోట్లు. బిల్లు ముందు సుమారుగా చెప్పాలి, తర్వాత సరిగ్గా చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్. మొదటి అరగంట అందరూ పరిగెడుతూనే ఉన్నారు.

అందరికంటే ఎక్కువ రౌండ్లు కొట్టింది కొంగ. ఆ పిల్ల కాళ్లు చూసి క్లాసువాళ్లు పెట్టిన పేరది. రెండొందల మీటర్లలో దాన్ని పట్టేవాళ్లు ఈ స్కూల్లో లేరు, మగపిల్లలతో సహా. సెప్టెంబరులో సెలెక్షన్స్ ఉన్నాయి. కావాలనే తప్పులు చెబుతోందని ఆరో రౌండ్‌లో అర్థమైంది. శిక్ష మార్చాను. తప్పు చెప్తే కూర్చోవాలన్నాను. వెంటనే లెక్కలు సరిగ్గా రావడం మొదలైంది.

జులై 11, శుక్రవారం

పదిహేను శాతం అంటే పది శాతం, దానికి దానిలో సగం కలపడం. ఇరవై ఏళ్ల కిందట ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే!

జులై 17, గురువారం

ఇవాళ రౌండింగ్. దీనికి మామయ్యగారి సాయం అక్కర్లేదు. ఇదొక్కటి నాకు బాగా వచ్చు. పుస్తకంలో సవరించుట అని ఏదో రాశారు, అది తెరవనే లేదు. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని పదిహేనేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే కదా.

కొంగను వంద మీటర్లు పరిగెత్తించాను. వాచీలో 14.21. దీన్ని ఎంతగా రాయాలి అంటే ఎవరూ చెప్పలేదు. 14.3 అని బోర్డు మీద రాశాను. చివర్లో ఏ అంకె మిగిలినా సరే, పైకే వెళ్లాలి అన్నాను. ఎందుకంటే పరిగెత్తేవాళ్లకు దక్కనిది మనం ఇవ్వకూడదు. చిల్లర మిగిలితే పైకి, అంతే, కళ్లు మూసుకుని పైకి. ముప్పై ఏడు మంది ఒక్క గొంతుతో అప్పజెప్పారు. ఒకడికి జ్వరం, రాలేదు.

ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు. నేను పుట్టుకతోనే లెక్కల టీచర్ననీ, ఎవరో పొరపాటున నా చేతికి విజిల్ ఇచ్చారనీ అనిపించింది. సాయంత్రం అద్దం ముందు నిలబడి కాసేపు నన్ను నేను చూసుకున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

టెస్టు అయింది. బయటికొస్తూ అందరూ నవ్వుతున్నారు. రౌండింగ్ ప్రశ్నలు రెండు వచ్చాయట, ఒక్కోదానికి అయిదు మార్కులట, నల్లేరు మీద నడకేనట. స్టాఫ్‌రూంలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

ఆగస్టు 6, బుధవారం

పెద్దమేడం పేపర్లన్నీ టేబుల్ మీద పరిచి నన్ను పిలిచారు. బిల్లు 346.20 అయింది, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించండి అని ప్రశ్న. ముప్పై ఏడు మంది 347 రాశారు. 8.32ను ఒక దశాంశానికి సవరించండి. ముప్పై ఏడు మంది 8.4. ఒక్కడు మాత్రం 346, 8.3. ఇంతమంది ఒకే తప్పు చేశారంటే కాపీ కాక మరేమిటండీ అన్నారామె.

ఆ ఒక్కడు ఎవడా అని చూశాను. రౌండింగ్ చెప్పిన రోజు జ్వరమొచ్చి రానివాడు.

ఇద్దరం క్లాసుకి వెళ్లాం. ఎవరి పేపర్ చూసి రాశారో చెప్పమన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ముప్పై ఏడు మందినీ రెండు పీరియడ్లు వరండాలో నిలబెట్టారు. టెస్టు రద్దు అన్నారు. కొంగ నావైపు ఒక్కసారి చూసి తల దించుకుంది.

నేను చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం 6

ఇప్పటికీ చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం 7

మామయ్యగారికి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. స్టాప్‌వాచీకి పైకే ఎందుకు వెళ్తారని అడిగారు. చేత్తో నొక్కే వాచీని నమ్మలేం, అనుమానం ఉంటే అది పరిగెత్తేవాళ్లకు లాభం కాకూడదు, అందుకే రూలు అలా పెట్టారన్నాను. అది న్యాయమే కదమ్మా అన్నారు. నీ రూలు తప్పు కాదు, దాన్ని అన్నిచోట్లా వాడడం తప్పు. మామూలుగా దగ్గర ఏదుంటే అది. కానీ ఏ లెక్కలో తరుగు ఎవరి మీద పడుతుందో ముందు చూసుకోవాలి, ఆ తర్వాతే పైకా, కిందికా అన్నది అన్నారు.

తర్వాత, పిల్లల సంగతి ఏం చేశావు అని అడిగారు. లేచి వంటింట్లోకి వచ్చేశాను. సిగ్గుగా ఉంది. ముప్పై ఆరు మార్కులు వచ్చిన రోజు కూడా ఇంత సిగ్గుపడలేదు.

ఆగస్టు 7, గురువారం

చెప్పాను. పెద్దమేడం గదిలో కాదు, క్లాసులో, అందరి ముందూ, ఆమెను పక్కన నిలబెట్టుకుని. వీళ్లెవరూ కాపీ కొట్టలేదు మేడం, నేను నేర్పిందే రాశారు, నేను తప్పు నేర్పాను, నిన్న భయపడి చెప్పలేదు అన్నాను. వెనక బెంచీకి వినిపించిందో లేదో. గ్రౌండ్ అవతలికి వినిపించే గొంతు నాది.

పెద్దమేడం ఇంకో టెస్టు తనే పెడతానన్నారు. షరతు పాతదే, మూడింట రెండు వంతులు.

ఆమె వెళ్లాక, నిన్న నోరెందుకు విప్పలేదర్రా అని అడిగాను. టెస్టయిన రోజే జ్వరంవాడి జవాబులతో పోల్చి చూసుకుని, పుస్తకం తీశారట. తప్పు ఎక్కడుందో వరండాలో నిలబడేటప్పటికే అందరికీ తెలుసట. చెప్తే మిమ్మల్ని తీసేస్తారేమో అనుకున్నాం మేడం అంది కొంగ, అదేదో మామూలు విషయమైనట్టు. వరండాలో రెండు పీరియడ్లు నిలబడ్డారు నా పిల్లలు. నా పిల్లలు అనే రాస్తున్నాను.

ఆగస్టు 12, మంగళవారం

బోర్డును మూడు భాగాలు చేశాం. దగ్గరికి, పైకి, కిందికి. ప్రశ్నలు నేను కాదు, వాళ్లే తయారు చేయాలన్నాను.

ముప్పై ఎనిమిది మంది, వ్యాన్‌లో పన్నెండు మంది పడతారు. మూడుం పావు కూడా రాదు, అయినా నాలుగు వ్యాన్లు కావాలి. పైకి. ఏడు మీటర్ల తాడు, ఒక్కో స్కిప్పింగ్ తాడుకు 2.4 మీటర్లు. క్యాలిక్యులేటర్ 2.9 చూపిస్తుంది, మూడు అని రాసేస్తాం. మూడో తాడుతో ఎగిరేవాడు బోర్లా పడతాడని జ్వరంవాడు. క్లాసంతా ఒకటే నవ్వు. రెండే తాళ్లు. కిందికి. జాగా చాలకపోతే పైకి, సరుకు చాలకపోతే కిందికి, ఊరికే చెప్పాలంటే దగ్గరికి అని ఎవరో అన్నారు. ఎవరన్నారో చూడలేదు. నేను మాత్రం కాదు.

ఒకడు లేచి, మేడం, మీ వయసు అడిగితే ఎటు రౌండ్ చేస్తారు అన్నాడు. కూర్చోమన్నాను.

ఆగస్టు 19, మంగళవారం

టెస్టు. తిండి సయించలేదు. మామయ్యగారు కూడా సగం కంచంలోనే వదిలేశారు.

ఆగస్టు 21, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

చివరి పీరియడ్‌కు ముందు పెద్దమేడం పేపర్ల కట్టతో క్లాసుకొచ్చారు. ఇరవై ఐదు మంది పాస్ అన్నారు. తొమ్మిది నుంచి ఇరవై ఐదు. ఈ సెక్షన్ ఇంత చేస్తుందని తను అనుకోలేదన్నారు. మూడింట రెండు వంతులంటే 25.33, రౌండ్ చేస్తే ఇరవై ఐదే కదా, గేమ్స్ పీరియడ్ మీకే ఉంచుతున్నాను అన్నారు. ఆవిడ నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి. పిల్లలు బల్లలు వాయించారు.

అప్పుడు కొంగ లేచింది.

కనీసం అన్నారు కదా మేడం అంది. కనీసం అంటే దానికి తగ్గకూడదు కదా, 25.33 కంటే ఇరవై ఐదు తక్కువే కదా అంది. పాయింట్ మూడు మూడు అంటే మనిషిలో మూడో వంతు, మనిషిని ముక్కలు చేయలేం కాబట్టి ఇరవై ఆరు ఉండాలి మేడం, ఇది వ్యాన్ల లెక్క, దగ్గరికి కాదు, పైకి వెళ్లాలి అంది.

నేను కళ్లతో కూర్చోమని సైగ చేశాను. ఇది దాచుకోను, చేశాను. సెలెక్షన్స్ దగ్గర పడ్డాయి, రోజూ సాయంత్రం పరిగెత్తకపోతే ముందు నష్టపోయేది ఆ పిల్లే. చూసి కూడా చూడనట్టు నిలబడింది. వెనక నుంచి ఎవరో గౌను పట్టి లాగారు. ఎవరో నోర్మూసుకోవే అన్నారు. అంతలో జ్వరంవాడు, చెప్పింది కరెక్టే మేడం అన్నాడు ఏడుపు మొహంతో. ముందు బెంచీవాళ్లు కాగితం మీద లెక్కేసి చూసుకుని, అవును మేడం, ఇరవై ఆరే అన్నారు. ఒక్కొక్కళ్లే, ఇష్టం లేకుండానే, అందరూ ఇరవై ఆరే అన్నారు.

పెద్దమేడం బోర్డు దగ్గరికి వెళ్లి 38 వేసి, రెండుతో హెచ్చించి, మూడుతో భాగించారు. చాక్‌పీసుతోనే నావైపు తిరిగారు. ఇది మీరు నేర్పిందేనా అని నన్నడిగారు. ఇది మాత్రం నేను నేర్పిందేనండీ అన్నాను. నా గొంతు ఈసారి గ్రౌండ్ దాటి వినిపించే ఉంటుంది.

ఇరవై ఆరు అని రాసి కింద గీత గీశారు. పిల్లలే తేల్చాక తను కాదనడం బాగుండదన్నారు. వచ్చే టెస్టుదాకా గేమ్స్ పీరియడ్ లెక్కలకే.

స్పోర్ట్స్ రూంలోకి వెళ్లి తలుపేసుకుని బంతుల మధ్య కూర్చుని ఏడ్చాను. దుఃఖం కాదు. నా పీరియడ్ పోయింది, నాకు ఒళ్లంతా గర్వంగా ఉంది. పతకాలు తెచ్చిన పిల్లలు నాకు ఇదివరకూ ఉన్నారు. వాళ్ల విషయంలో కూడా ఇలా లేదు.

మామయ్యగారు ఆ వ్యాన్ల మాట మూడుసార్లు చెప్పించుకున్నారు. నాకివ్వాల్సిన దానికంటే ఎక్కువిచ్చారండీ అని కౌంటర్‌కు తిరిగొచ్చినవాళ్లను ముప్పై రెండేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చమ్మా అన్నారు. ఆ పిల్లను ఒకసారి ఇంటికి తీసుకురమ్మన్నారు.

ఆగస్టు 25, సోమవారం, ఉదయం 5:50

నేను రమ్మనలేదు. స్కూలు గేటు ఇంకా తెరవలేదు. సాయంత్రం పోయిన పరుగు పొద్దున్నే పెట్టమని, బయట బూట్లు కట్టుకుని పందొమ్మిది మంది. ముప్పై ఎనిమిదిలో సరిగ్గా సగం. రౌండ్ చేయడానికి ఏమీ మిగల్లేదు.