శబ్దం ఉందని రాసివ్వండి

ప్రియమైన బుజ్జికి,

నువ్వు మళ్లీ ఫోన్ చేశావని మీ వదిన చెప్పింది. ఆ ఫోన్ సంగతి నీకు తెలిసిందే, గరగర తప్ప మాట ఉండదు. ఉత్తరం రాయమ్మా. నీ దస్తూరీ చూస్తే నిన్ను చూసినట్టే ఉంటుంది. ఇంట్లో అందరం బాగున్నాం. షెడ్డులోనే బాగాలేదు.

మా వెనక వీధిలో ఒకావిడ ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. చిన్న తెల్ల కారు, ఆవిడే నడుపుకుంటుంది. బ్రేకు దగ్గర శబ్దం వస్తోందంటే ప్యాడ్లు మార్చి పంపాను. నాలుగో రోజుకి మళ్లీ ప్రత్యక్షం. గోడ పక్కన నెమ్మదిగా పోతుంటే కుడి ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమంటోందట, బ్రేకు తొక్కితే ఆగిపోతోందట. సరే కదా అని పక్కన కూర్చుని, అద్దాలు దించి, వీధంతా తిరిగాను. ఏమీ లేదు. వారం తర్వాత మళ్లీ వచ్చింది. ఏదో సర్ది చెప్పి పంపాను.

ఆ తర్వాతి శనివారం మళ్లీ వచ్చింది. షెడ్డు కిటకిటలాడుతోంది. "మేస్త్రీ గారూ, ఒక్క నిమిషం పక్కకు వస్తారా, మీతో మాట్లాడాలి" అంది. నాకు ఒళ్లు మండింది. "పక్కకెందుకండీ, ఇక్కడే చెప్పండి, అందరూ వింటారు" అన్నాను. ఆవిడ షెడ్డులో ఉన్నవాళ్ల వైపు ఒకసారి చూసి, "శబ్దం ఉంది" అంది. అంతే, నోరు జారాను. "శబ్దం బండిలో లేదమ్మా, మీ చెవుల్లో ఉంది. తీసుకెళ్లాల్సింది నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి" అన్నాను. షెడ్డంతా గొల్లుమంది. మన టింకరింగ్ మేస్త్రి ఒక్కడే తల వంచుకుని రేకు కొట్టుకుంటూ ఉండిపోయాడు, వాడెప్పుడూ అంతే. ఆవిడ తాళం తీసుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో జవాబివ్వాలట. విడ్డూరం ఏమిటంటే ఆవిడ డబ్బు అడగలేదు. "శబ్దం ఉందని మేస్త్రీ గారు రాసివ్వాలి" అట. ఇంకేమీ అక్కర్లేదట. నువ్వు ఆ లాయరు గారి ఆఫీసులో పదకొండేళ్లుగా ఇలాంటివే టైపు చేస్తున్నావు. నాకో జవాబు రాసిపెట్టు.

ఉంటాను,
నీ అన్నయ్య


ప్రియమైన అన్నయ్యా,

నీ ఉత్తరం చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవర్ని పట్టుకుని ఏమంటోంది ఆవిడ! ఊరు ఊరంతా నిన్ను చెవి మేస్త్రి అని పిలుస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదా?

నేను స్కూలు నుంచి నేరుగా షెడ్డుకే వచ్చేదాన్ని, గుర్తుందా? పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడివి. నేను పక్కన నిలబడి ఊపిరి బిగబట్టేదాన్ని. కాసేపటికి కళ్లు తెరిచి "మూడోదాంట్లో వాల్వు కొడుతోంది" అనేవాడివి. విప్పి చూస్తే అదే. నాన్న పోయాక ఆ చెవితోనే కదా నన్ను చదివించావు, టైపు నేర్పించావు. అలాంటి వాడికి చక్రం శబ్దం వినపడలేదట!

జవాబు ఇందులో పెట్టాను. సంతకం చేసి, ఒక కాపీ కమిషన్‌కి, ఒకటి ఆవిడ ఇంటికి పంపు. ఆరో పేరా చూడు, అది నా సొంత వంట. "వయసు పైబడిన వారికి లేని శబ్దాలు వినిపించడం, ఒకే మాట పదేపదే చెప్పడం సహజం. ఫిర్యాదుదారు కుటుంబ సభ్యులు ఆమెను వైద్యునికి చూపించవలసిందిగా మనవి." లాయరు గారు చదివి, "ఇంత కారం దేనికమ్మా?" అన్నారు. "మా అన్నయ్య గురించండీ" అన్నాను. వద్దన్నట్టు నన్నోసారి చూసి, కాగితం తిరిగిచ్చేశారు.

అది సరే, ఫోన్ ఎత్తితే నీ సొమ్మేం పోతుంది? మీ వదినా నేనూ నీ మీద చాడీలు చెప్పుకోవాల్సి వస్తోంది... నీకు పెళ్లామూ నాకు వదినా కదా, అలవాటులో నీ మాటే రాసేశాను చూడు. నువ్వు పెట్టే టీవీ సౌండుకి పక్కింటి వాళ్లు సొంత టీవీ అమ్మేసుకున్నారట, వదిన చెప్పింది.

నీ ముద్దుల చెల్లెలు,
బుజ్జి


ప్రియమైన బుజ్జికి,

సంతకం చేసి రెండు కాపీలూ పంపేశాను. ఆరో పేరా దగ్గర కలం ఆగింది. అది తీసేసి మళ్లీ టైపు చేయమని నీకు రాద్దామనుకున్నాను. రాయలేదు.

నిన్న ఆవిడ కొడుకు షెడ్డుకి వచ్చాడు. పోట్లాటకేమో అని రెంచి కింద పెట్టకుండానే నిలబడ్డాను. పోట్లాట కాదు, నా చేయి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. "మీ జవాబు చదివాకే మాకు కళ్లు తెరుచుకున్నాయి మేస్త్రీ గారూ. నేనూ అద్దాలు ఎక్కించి మెయిన్ రోడ్డు మీద ఓ చుట్టు తిరిగి చూశాను, ఏ శబ్దమూ లేదు. అమ్మ మాత్రం ఉందనే అంటోంది. ఆవిడకి మతి తప్పుతోందేమోనని భయంగా ఉంది. బండి తాళాలు తీసేసుకున్నాం. ఫిర్యాదు కూడా అమ్మ వెనక్కి తీసుకునేలా చూస్తాం" అన్నాడు. మంచివాడు. తల్లి గురించి చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆవిడ రోజూ పొద్దున్నే ఆ కారులో మంచాన పడ్డ స్నేహితురాలి దగ్గరికి వెళ్లి, పేపరు చదివి వినిపించి వచ్చేదట. ఇప్పుడు వెళ్లడం లేదు. ఇవాళ ఆ వీధిలోంచి వచ్చాను. గేటు లోపల కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పక్కనే కారు. నన్ను చూసి తల ఊపింది, ఎప్పటిలాగే.

గెలిచాం బుజ్జీ. నాకు మాత్రం ముద్ద దిగడం లేదు.

నీ అన్నయ్య


అన్నయ్యా,

ముందు "ప్రియమైన" అని రాయబోయి ఆగిపోయాను. కోపంతో కాదు, సిగ్గుతో.

మొన్న నేను మీ ఊరు వచ్చాను. నీకు తెలియదు.

గెలిచాం కదా, నిన్ను ఆశ్చర్యపరుద్దామని సెలవు పెట్టి, నీ బల్ల మీదికి ఒక చిన్న గడియారం కొని, సంచిలో వేసుకుని బస్సెక్కాను. పదకొండింటికి షెడ్డు దగ్గర దిగాను. నువ్వు ఒక వ్యాను ముందు వంగి ఉన్నావు. ఇంజను నడుస్తోంది. బెల్టు ఎంత ఘోరంగా కీచుమంటోందంటే, టీ తాగుతున్న వాళ్లు గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చేశారు. వ్యాను యజమాని చెవులు మూసుకున్నాడు. నువ్వు బానెట్ మీద అరచేయి పెట్టి, చిరునవ్వుతో "భేషుగ్గా ఉంది, తీసుకెళ్లండి" అన్నావు. అప్పుడు టింకరింగ్ మేస్త్రి వచ్చి నీ భుజం తట్టి, బెల్టు వైపు వేలు చూపించాడు. రోజూ చేసే పనిలా చూపించాడు. నువ్వూ రోజూ చూసేవాడిలాగే చూసి, పానా అందుకున్నావు.

ఇంజను ఆపాక, నీ వెనక రెండడుగుల దూరంలో నిలబడి "అన్నయ్యా" అని పిలిచాను. మూడుసార్లు పిలిచాను. నువ్వు తిరగలేదు. టింకరింగ్ మేస్త్రి నన్ను చూసి నీకు చెప్పబోతే, వద్దని సైగ చేసి వచ్చేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ ఇంటి వైపు వెళ్లాను. గేటు లోపల నువ్వు రాసినట్టే కూర్చుని ఉంది. నేనెవరో చెప్పలేదు. బస్టాండుకి దారి అడిగాను. ఎక్కడ ఎటు తిరగాలో విడమరిచి చెప్పింది. నేను కదలబోతుంటే, "సంచిలో గడియారం ఉన్నట్టుందే, టిక్కుటిక్కుమంటోంది. ఎవరికైనా బహుమానమా?" అంది నవ్వుతూ. ఆ గడియారం రెండు చీరల మధ్య చుట్టి ఉంది అన్నయ్యా. నాకే వినపడటం లేదు.

ఆ మనిషిని డాక్టరుకి చూపించమని నేను రాశాను. ముచ్చటపడి రాశాను, లాయరు గారు వద్దన్నట్టు చూసినా రాశాను. ఆ కాగితం పట్టుకునే వాళ్లబ్బాయి తాళాలు లాక్కున్నాడు. ఆవిడ గేటు దగ్గర తలెత్తుకుని కూర్చుంది, నేను బస్సులో తలెత్తలేకపోయాను.

నీకు వినపడటం లేదని నీకు తెలుసా? అదొక్కటే చెప్పు. తెలియదంటే నమ్ముతాను. నమ్మాలనే ఉంది.

బుజ్జి


ప్రియమైన బుజ్జికి,

తెలుసు.

రెండేళ్లుగా తెలుసు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. రేకుల మోతలో, ఇంజన్ల హోరులో ఇన్నేళ్లు గడిపితే సన్నటి శబ్దాలు ముందు పోతాయట. మిషన్ పెట్టుకోమన్నాడు. చెవి మేస్త్రి చెవికి మిషన్ పెట్టుకుంటే ఇక నా దగ్గరికి ఎవడొస్తాడు? ఆ చీటీ మడిచి పానాల పెట్టె అడుగున పడేశాను. టింకరింగ్ మేస్త్రి కనిపెట్టాడు. ఒక్క మాట అనకుండా వేలు చూపించడం మొదలుపెట్టాడు. నేనూ ఏమీ ఎరగనట్టే ఆ వేలు చూస్తూ వచ్చాను.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఆవిడ పక్కన కూర్చుని వీధంతా తిరిగానని రాశాను కదా, ఆ వేళ నేను రోడ్డు చూడలేదు. ఆవిడ ముఖం చూస్తూ కూర్చున్నాను. గోడ మలుపు దగ్గర ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. శబ్దం ఉందని నాకు అక్కడే తెలిసిపోయింది బుజ్జీ. తెలిసే "ఏమీ లేదమ్మా" అన్నాను. తెలిసే అందరి ముందూ ఆ మాట అన్నాను. నువ్వు రాసిన పేరా కింద తెలిసే సంతకం పెట్టాను. నువ్వు తెలియక రాశావు. నా తప్పులో నీకు వాటా లేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు షెడ్డు మూసి, పానాలు సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. కొడుకు తలుపు తీశాడు. అతని ముందే కుడి ముందు చక్రం విప్పాను. బ్రేకులో ఒక పిన్ను ఉంటుంది, గ్రీజు ఎండిపోయి అది బిగుసుకుపోయింది. బ్రేకు వదిలినా ప్యాడ్ వదలకుండా రాసుకుంటోంది. ఆ వేడికి లోపలి పళ్లెం నీలంగా కాలిపోయింది. ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే ఏ వాలులోనో బ్రేకు పడేది కాదు. పది నిమిషాల పని. ప్యాడ్లు మార్చిన రోజే పిన్ను కదిపి చూడాల్సింది. చూడలేదు. ఇదంతా అతనికి చూపించి చెప్పాను. అతను అలాగే మెట్టు మీద కూలబడ్డాడు.

ఆవిడ అడిగిన కాగితం రాసి తీసుకెళ్లాను. మూడే ముక్కలు. "బండిలో శబ్దం ఉంది. నాకు చెవుడు. అది దాచుకోవడానికి శబ్దం లేదన్నాను." ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. కలం తీసి, మొదటి ముక్క ఉంచి, తక్కిన రెండూ కొట్టేసింది. తర్వాత నా ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనిపించేలా నెమ్మదిగా మాట్లాడింది. సగం విన్నాను, సగం చూశాను.

"ఇవి నేను అడగలేదు మేస్త్రీ గారూ. ముప్పై ఏళ్లు లైన్ల మీద మనుషుల్ని విన్నాను. వినపడని వాళ్లు 'ఆఁ ఆఁ' అనడం నాకు తెలియదా? మొదటి రోజే తెలిసింది. మీ వాళ్ల ముందు ఎందుకని, పక్కకు రమ్మన్నాను."

ఆ శనివారం ఆవిడ ఒక్క మాట అని ఉంటే షెడ్డంతా నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వు తనమీద వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత నేను ఇంటికెళ్లి నోటీసుతో వచ్చిన కాగితాలు తీసి వెతికాను. ఫిర్యాదు మొత్తంలో ఎక్కడా నా చెవి మాట లేదు. కొడుకు తాళాలు లాక్కున్నప్పుడు కూడా అతనికి చెప్పలేదట.

ఆవిడ ఎదురుగానే, ఆవిడ కలమే అడిగి తీసుకుని, కొట్టేసిన రెండు ముక్కలూ కింద మళ్లీ రాసి, వాటి కింద సంతకం పెట్టాను. ఆ రోజు ఎవరెవరు నవ్వారో వాళ్లందరి ముందూ ఇదే చెబుతానన్నాను. "అది మీ ఇష్టం. ముందు నా తాళాలు ఇప్పించండి, మా స్నేహితురాలికి పది రోజుల పేపర్లు బాకీ ఉన్నాను" అంది. కొడుకు లేచి లోపలికి వెళ్లి తెచ్చిచ్చాడు. అమ్మ ముఖంలోకి చూడలేక చేతికి కాకుండా బానెట్ మీద పెట్టాడు.

శనివారం షెడ్డులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితేనే తేలికగా ఉండేదేమో. టింకరింగ్ మేస్త్రి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆవిడకు నువ్వూ ఒక ఉత్తరం రాయి. నేను రాయమన్నానని కాదు, నువ్వు బస్సులో తల దించుకున్నావు కనుక.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ముందు పిట్టల కూత పోయింది. తర్వాత కుక్కర్ విజిల్. ఆ తర్వాత నీ గొంతు. నీది సన్నటి గొంతు కదా, ఫోన్‌లో గాలి ఊదినట్టు వచ్చేది. ఏమంటున్నావో తెలియక "సరే సరే" అనేవాణ్ణి. ఒకసారి నువ్వు ఏడ్చావట. నేను సరే సరే అని పెట్టేశానట. మీ వదిన తర్వాత చెప్పింది. అప్పటినుంచే నిన్ను ఉత్తరాలు రాయమన్నది.

వచ్చే వారం మిషన్ పెడతారు. ఆ తర్వాత ఒక రోజు ఆ గడియారం పట్టుకుని రా. మొన్న నిలబడ్డ చోటే నిలబడి, అలాగే వెనక నుంచి పిలువు. తిరిగితే తిరుగుతాను. తిరగకపోతే వెళ్లిపోకు. ముందుకు వచ్చి నిలబడు.

నీ కోసం చూస్తుండే,
అన్నయ్య