అంజనమ్మ వింటున్న టేపు

హిందూపురం,
బుధవారం.

చిరంజీవి సైమాకు నాయన కాలేసాబ్ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. కదిరిలో నీ హాస్టల్ పిల్లల మధ్య నువ్వూ బాగున్నావని తలుస్తాను.

ఫోన్ ఎత్తడం లేదని కోపంగా ఉత్తరం రాశావు. ముందు నువ్వు అడిగినవి చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. తగ్గింది కాబట్టి డాక్టరు దగ్గరికి రానని నన్నే దబాయిస్తోంది. మన రిపేరు షాపు రేకులు మార్పించాను. స్పూల్ టేప్ రికార్డర్లు ఇంకా వస్తున్నాయా అన్నావు. రెండు నెలలకొకటి వస్తే గొప్ప. మిక్సీలూ ఫ్యాన్లే అన్నం పెడుతున్నాయి.

ఇక నీ చివరి ప్రశ్న. ధర్మవరంలో సుమలత వాళ్ళ అవ్వ టేపు నిజంగానే బూజు పట్టి పోయిందా అని. దానికి భయపడే ఫోన్ ఎత్తలేదు.

పోలేదమ్మా. నేనే చెరిపేశాను.

నువ్వు నీ స్నేహితురాలు సుమలతకు నా గురించి గొప్పలు చెప్పి పంపావు కదా. వాళ్ళ అవ్వ అంజనమ్మ తన టేప్ రికార్డర్ మిషన్ ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. టేపంతా భజనలే. చివర మాత్రం ఆమె భర్త హనుమంతరాయుడు మగ్గం మీద కూర్చుని ఆమెను పేరు పెట్టి పిలిచిన మాట ఉందట. పోయిన మనిషి గొంతు అదొక్కటే మిగిలింది. ఇదంతా ఆమె చెప్పింది. పనిలో పడి నేను సగమే విన్నాను.

బెల్టు మార్చాను, హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. రికార్డు చేసి వినకుండా మిషన్ ఇవ్వకూడదని మా ఉస్తాదు నేర్పిన పద్ధతి. అందుకు నా దగ్గర వేరే స్పూల్ ఉంది. అది వెతకడానికి బద్ధకించి, భజనలయ్యాక ఖాళీయే కదా అని ఆమె టేపు మీదే రికార్డు నొక్కాను. నేను నోరు తెరిచేలోపే కుళ్ళాయప్ప మిక్సీ పట్టుకుని బయట కనిపించాడు. వీధిలోకి పోయి అతనితో మాటల్లో పడి మిషన్ తిరుగుతున్న సంగతే మరిచాను. వచ్చి చూసేసరికి చివరంతా చెరిగిపోయింది.

ఆమె వచ్చినప్పుడు బూజు పట్టిందని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. "పోనీలేప్పా, నీదేం తప్పుండాది" అని నన్నే ఓదార్చి, మీ అమ్మకని రవిక గుడ్డ చేతిలో పెట్టింది. సిగ్గులేకుండా అదీ తీసుకున్నాను.

మొన్న సోమవారం నిజం చెప్పేద్దామని ధర్మవరం బస్సెక్కాను. పెనుకొండలో దిగి వెనక్కి వచ్చేద్దామనిపించింది. ఎలాగో పోయాను. ఆమె నన్ను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మిషన్ పెట్టింది.

"బూజు పట్టినా అంతా పోలేదప్పా. ఇను. మగ్గం ఆడతాండాది. ఈడ ఒకసారి దగ్గుతాడు సూడు. మాట పోయినా మనిషి ఉండాడు. రోజూ పొద్దన్నే పెట్టుకుని ఇంటాండా."

టకటకమనేది నా షాపు ఫ్యాన్. ఆ దగ్గు నాది.

చెప్పడానికి నోరు తెరిచాను. మాటకు బదులు దగ్గు వచ్చింది. ఎక్కడ పోల్చుకుంటుందోనని తువ్వాలు నోట్లో కుక్కుకుని వీధిలోకి పరుగెత్తాను. నలభై ఏళ్ళ పనిలో ఇంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు.

చెబితే ఆమెకు మిగిలిన ఆ కాస్తా పోతుంది. చెప్పకపోతే పరాయివాడి దగ్గుకు రోజూ పొద్దున్నే చెవి ఒగ్గుతుంది. రెండూ నా పాపమే. అయినా చెప్పాలి. సుమలతతో నువ్వేమీ అనవద్దు, నా నోటితోనే చెప్పాలి. ఈ ఆదివారం రా తల్లీ, ఇద్దరం పోదాం. ఒక్కడినే పోతే మళ్ళీ టీ తాగి వచ్చేస్తాను.

ఇట్లు,
నీ ముందు తలెత్తుకోలేని
నాయన