ఆకు ఎత్తకముందే ఇచ్చిన కొక్కెం

నా బావమరిది జక్కయ్య దేవుని ఎదుట ప్రమాణం చేసి కోర్టు బోనులో నా మీద అబద్ధమాడాడు. ఆరేళ్ళయింది. ఆస్తి సంగతి తర్వాత, ముందు ఇది వ్రాయమన్నాను. వీలునామా ఇలా మొదలుపెట్టకూడదండీ అన్నాడు లేఖరి. నాది ఇలాగే మొదలవుతుంది.

విజయవాడ వన్ టౌన్ కాపురస్థుడను, మిలట్రీ హోటలు యజమానిని, గుడిపూడి శౌరయ్య అను నేను, డెబ్బయ్యొక్కేళ్ళ వయసులో, నిండు తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా స్వార్జితానికి చేసిన ఏర్పాటు ఇది.

నా హోటలుకు వచ్చేది గోడౌన్ల హమాలీలు. వాళ్ళ భుజాన బస్తాలెత్తే ఇనప కొక్కెం ఉంటుంది. దాన్ని గల్లా వెనక తీగకు తగిలించాకే అన్నానికి కూర్చోవాలి. తిన్న ఆకు ఎత్తి పారేశాకే తిరిగి ఇవ్వాలి. తిండి దగ్గర గొడవొస్తే కొక్కెం చేతిలో ఉండకూడదని ఆ కట్టడి నేనే పెట్టాను. గొడవ జరిగిన రోజు నేను గుణదలలో నా భార్య మార్త ఆత్మకు పూజ చెప్పిస్తున్నాను. గల్లాలో జక్కయ్య ఉన్నాడు. వెంకటప్పయ్య, బసవపున్నయ్య అనే హమాలీలు కూర వడ్డన దగ్గర మాటామాటా అనుకున్నారు. వెంకటప్పయ్య లేచి కొక్కెం అడిగాడు. అతని ఆకులో అన్నం ఇంకా ఉంది. మనిషి వెళ్ళిపోతే గొడవ వదులుతుందని జక్కయ్య తీసిచ్చాడు. దానితో బసవపున్నయ్య కుడి కన్ను పోయింది.

వెంకటప్పయ్య జైలుకు పోయాడు. బసవపున్నయ్య నా మీద దావా వేశాడు, అది అతని న్యాయం. జక్కయ్య బోనెక్కి, “ఎప్పుడడిగితే అప్పుడు ఇచ్చెయ్యమని మా బావే చెప్పాడండి” అన్నాడు. కొక్కేలు తీసి పెట్టుకున్నవాడిదే వాటి జాగ్రత్త కూడా అని జడ్జిగారి తీర్పు. ఒప్పుకున్నాను. హోటలు నాది. పెరటి స్థలం అమ్మి పరిహారం కట్టాను. కానీ నా కట్టడిని నేనే కాలదన్నానని ఆ తీర్పులో ఉంది. అప్పటినుంచి నా కట్టడి మీద నమ్మకం పోయి హమాలీలు కొక్కెం భుజానే ఉంచుకుని తింటున్నారు. జక్కయ్య హనుమాన్ జంక్షన్ పోయి లారీ ఆఫీసులో చేరాడు.

1. నా కూతురు అమలమ్మకు ఇల్లు, వాళ్ళమ్మ ఇత్తడి కాఫీ ఫిల్టరు. మూత బిగిస్తే రాదు, తడిగుడ్డ చుట్టి తిప్పాలి.

2. మసాలా నూరే రూతుకు ఆమె రోలు, పొత్రం. కూరలో ఉప్పెక్కువైందని నా మొహానే చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

3. బసవపున్నయ్యకు బతికున్నంతకాలం రెండుపూటలా భోజనం. కుడిచేతి వైపు గోడ ఉండే చోటు అతనిది. అక్కడ ఇంకొకర్ని కూర్చోబెట్టరాదు.

4. హోటలు. జక్కయ్య చిన్నప్పుడు మార్త చెయ్యి పట్టుకుని నా ఇంటికొచ్చాడు. కొడుకులా పెంచాను. వాడు భయపడి అన్నాడని నాకు తెలుసు. భయాన్ని క్షమిస్తాను. ఇన్నేళ్ళు నోరు మూసుకు కూర్చోవడాన్ని క్షమించను. హోటలు వాడికే, ఒక షరతు మీద. హమాలీలందరూ వింటుండగా, బసవపున్నయ్య ముందు నిలబడి, ఆ కొక్కెం ఎవరి మాట మీద ఇచ్చాడో చెప్పాలి. చెప్పకపోతే హోటలు అమలమ్మకు, జక్కయ్యకు ఆ తీగ.

5. ఇవన్నీ జరిపించే భారం ఎదురు గోడౌను రామకోటేశ్వరరావు గారిది.

1976 జనవరి 19, విజయవాడ.
(సంతకం) గుడిపూడి శౌరయ్య
సాక్షులు: మాణిక్యం (కిళ్ళీకొట్టు), ఆమోసు (చర్చి ఉపదేశి)
లేఖరి: వెంకటకృష్ణారావు

ఈ కింది ముక్కలు నా చేత్తో రాసినవి.

జక్కయ్యా, నకలు నీకు ఈరోజే పంపుతున్నా. నేను పోయాక చెబుదామనుకోకు. ఫిబ్రవరి పదకొండు గుణదల తిరునాళ్ళ. కొండకు పోయొచ్చి అందరూ మధ్యాహ్నం మన హోటల్లోనే తింటారు. ఆకు ఎత్తకముందే కొక్కెం ఇమ్మని నేను చెప్పానా? ఆ పూటకు వచ్చి జవాబు చెప్పు.