శీనన్న కోసం లేవలేదు

ఆదివారం రాత్రి, అమీర్‌పేట

శాంతి చర్చల్లో భాగంగా, శిక్ష పడి జైళ్లలో ఉన్న నక్సలైట్లను విడిచిపెట్టాలా వద్దా అని ఈరోజు పంజాగుట్టలో సభ పెట్టారు. యావజ్జీవం పడ్డ మా శీనన్న తరఫున మాట్లాడతానని నేనే పేరిచ్చాను. నాకు అన్న ఉన్నాడని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎవరికీ తెలియదు. అయినా ధైర్యం చేసి వెళ్లాను.

పక్క కుర్చీలో కూర్చున్న ఒకామె నన్ను చూసి నీళ్ల సీసా ఇచ్చింది.

"జర తాగు బిడ్డా. మా ఆయన కానిస్టేబులు. మందుపాతర పేలి సచ్చిపోయిండు. మీ ఇంట్ల ఎవరు పోయిండ్రు?"

"మా అన్న" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆళ్లను ఇడిచిపెడితే మనకు న్యాయమేడుంటది, చెప్పు?"

అప్పుడే మైకులో నా పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. తల వంచుకుని కూర్చున్నాను.

పోలీసు జీపు పేల్చిన కేసులోనే అన్నకు శిక్ష పడింది. ఆమె భర్త ఉన్నది ఆ జీపులోనేనా? ఏ ఊరి దగ్గర అని అడిగితే తెలిసేది. అడగలేదు.

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్ చేసింది. బాగా మాట్లాడానని చెప్పేశాను.

"ఇగ వస్తడు తియ్యి బిడ్డా" అని ఏడ్చింది. "వాడొచ్చేసరికి ఇంటికి సున్నమేపిస్త."

సరేనన్నాను. ఆ మాటకు నాకు సంతోషం రాలేదు. సొంత అన్న ఇంటికి వస్తాడంటే భయం వేసింది. రావద్దని మాత్రం నేను అనుకోలేదు. అనుకోలేదనే రాసుకుంటున్నాను.