ఐదో మాట నేనే చెప్పాను

సికింద్రాబాద్,
ఆదివారం, గుడి నుంచి వచ్చాక

అక్కకు యాకోబు వందనాలు.

నువ్వూ, బావగారూ, సుధా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? డాబా మీద బట్టలు ఆరేయడం మానేశావా, లేక ఎవరూ చూడనప్పుడు ఎక్కుతున్నావా? నా సంగతి అడిగితే, బాగానే ఉన్నాను. దగ్గు తగ్గింది. వేళకు తింటున్నాను. బెంగ పెట్టుకోవద్దు.

పలాస మీదుగా వెళ్తూ దిగకుండా పోయానని నీకు కోపం వచ్చిందని సుధ చెప్పింది. నీ కోపం న్యాయమే. రైలు మన స్టేషన్లో ఆగినప్పుడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. దిగితే పండగ అయ్యేదాకా నువ్వు పంపవు. నేను శుక్రవారానికి ఖరగ్‌పూర్‌లో ఉండాలి. అందుకే చెప్పకుండా పోయాను. క్షమించు. ఈ ఉత్తరంలో ఈ మాట నీకు ఒక్కదానికే వాడుతున్నాను.

ఇక్కడి బతుకు గురించి నువ్వు ఎప్పుడు అడిగినా బాగుందనే రాశాను. అబద్ధం కాదు. పుస్తకాల గోడౌన్లో పని కష్టమేమీ కాదు. ఏ కట్ట ఎక్కడుందో చూడకుండా చెప్పగలను. ఎండ మాత్రం వేరు, ఇక్కడ చెమట కూడా పట్టదు, మనిషి అప్పడంలా ఎండిపోతాడు. చేప మంచులో నాలుగు రోజులు పడుకుని వస్తుంది. ఖరగ్‌పూర్ వదిలి తెలుగు ఊరికి వస్తున్నాను, ఇక నా మాట అందరికీ అర్థమవుతుంది అనుకున్నాను. నేను "ఏటి" అంటే గోడౌన్లో వాళ్లు నవ్వుతారు. నా పేరు "బెంగాలీ అంకుల్". ఇక్కడి గుడి చాలా పెద్దది. పాస్టరుగారు తెర మీద కనిపిస్తారు. రెండేళ్లుగా వెళ్తున్నాను, పక్కన కూర్చున్న మనిషి పేరు తెలియదు. ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుని గదికి వచ్చేస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న బావగారు ఫోను చేశారు. "రత్నం అన్నయ్యకి క్షమాపణ రాసి పడెయ్. అది రాసినాకే నాతో మాటాడు" అన్నారు, పెట్టేశారు. నేను ఫోనులో నాలుగు మాటలు కూడబలుక్కునేలోపు అవతలివాళ్లు పెట్టేస్తారని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఖరగ్‌పూర్ నుంచి రత్నంగారు బావగారికి చెప్పింది ఒకటి, నేను చూసింది ఇది.

గురువారం పొద్దున ఖరగ్‌పూర్‌లో దిగాను. సత్యం స్టేషన్‌కు వచ్చాడు. నీకు గుర్తుండే ఉంటాడు, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పక్క క్వార్టర్లో ఉండేవాడు, వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక మలంచాలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. నన్ను చూడగానే ప్లాట్‌ఫారం అంతా వినిపించేలా అరిచాడు.

"ఏట్రా యాకోబూ, ఐదరాబాదు నీళ్లు తాగి ఇంత నల్లబడిపోనావు?"

"ముందునుంచీ నలుపే కదరా."

"అప్పుడు నలుపు, ఇప్పుడు ఇంజను. రా రా, మీ సెల్లెలు పొద్దుట్నుంచి ఆ చేపల్ని పిల్లి తినకుండా కాపలా కాస్తన్నాది."

గౌరమ్మ వండిన చేపల పులుసు గురించి రాస్తే నీకు కోపం వస్తుంది. రాయను. రెండుసార్లు వడ్డించుకున్నానని మాత్రం తెలుసుకో.

ఆ సాయంత్రం సత్యం సైకిలు తీసుకుని, నేను అటెండరుగా చేసిన కాలేజీకి వెళ్లాను. లైబ్రరీ తలుపు దగ్గర ఇప్పుడు కార్డు చూపిస్తే తెరుచుకునే గేటు పెట్టారు. నా దగ్గర కార్డు లేదు. ఇరవై ఆరేళ్లు ఆ తలుపు నేనే తీశాను కదా, ఏం చేయాలో తోచక నిలబడ్డాను. కౌంటరులో ఉన్న దీదీ నన్ను చూసి "ఆరే, యాకోబ్‌దా!" అంటూ బయటికి వచ్చింది. తనే లోపలికి తీసుకెళ్లింది. అల్మరాల మధ్య నడిచాను. ఐదో క్లాసు చదివినవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలు ఆ పుస్తకాల వీపుల మీద చూసే నేర్చుకున్నాను. మూడో వరసలో రెండు పుస్తకాలు తప్పు చోట ఉన్నాయి. తీసి సరైన చోట పెట్టి వచ్చాను. ఎవరూ వద్దనలేదు.

ఇక శుక్రవారం సంగతి. మీ గుడిలో లాగే ఖరగ్‌పూర్ తెలుగు గుడిలోనూ గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు సంఘస్తులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. నీకు తెలియంది ఒకటుంది. పంతొమ్మిదేళ్ల కిందట అప్పటి పాస్టరుగారు ఐదో మాట నాకు ఇచ్చారు. దాహం వేసిందన్న మాట. నెల రోజులు వంటింట్లో నీ మరదలు మార్త ముందు నిలబడి సాధన చేశాను. తను బియ్యం ఏరుతూ వినేది, తప్పయితే చెయ్యి ఎత్తేది. తీరా ఆ రోజు కాలేజీ ప్రొఫెసరుగారు ఒకరు గుడికి వచ్చారు. సంఘ పెద్ద రత్నంగారు నన్ను పక్కకు పిలిచి, "నువ్వు తడబడతావురా. ఐదోది ఆయన సెప్తారు. నువ్వు మాట్లాడేవోళ్లకి నీళ్లందించు" అన్నారు.

అందించాను. ఆ రోజే కాదు, తర్వాత అక్కడున్నన్నాళ్లూ ప్రతి ఏడూ అందించాను. నీకు కూడా చెప్పలేదు. మార్త ఆ రోజు తెల్లచీర మార్చుకోకుండా దీపాలు పెట్టేవేళ దాకా వంటింటి గడప మీద కూర్చుంది. నన్ను తిట్టినా బాగుండేది.

నేను ఏ రోజు సంగతి ఆ రోజు పుస్తకంలో రాసుకునే మనిషిని కదా. నీళ్ల గ్లాసులతో గోడ పక్కన నిలబడి, ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో కూడా రాసుకునేవాణ్ణి. మొదటి మాట ఎప్పుడూ రత్నంగారిది. ముప్పావు గంటకు తక్కువ ఎప్పుడూ లేదు. రెండోవారూ మూడోవారూ ఆయనకు తగ్గకూడదని లాగుతారు. ఐదో మాట దగ్గరకు వచ్చేసరికి రెండున్నర. అందుకని ప్రతి ఏడూ ఐదూ ఆరూ కలిపి గబగబా అయిందనిపిస్తారు. నేను అక్కడున్నన్నాళ్లలో ఆ సంఘం ఐదో మాట పూర్తిగా విన్నది మూడుసార్లు.

ఈసారి ఐదోది నిమ్‌పురాలో ఉండే గార్డు ఒకాయన చెప్పాలి. ఆయన గూడ్సు బండి ఎక్కడో సిగ్నలు దగ్గర ఆగిపోయింది, రాలేనని ఫోను వచ్చింది. అప్పటికి రెండూ ఇరవై అయింది. కొత్త పాస్టరు కుర్రవాడు, ఏం చేయాలని రత్నంగారి వైపు చూశాడు. రత్నంగారు కూర్చున్న చోటునుంచే అన్నారు, "ఐదూ ఆరూ కలిపీండి. ఎండకి జనం అల్లాడిపోతన్నారు."

నేను లేచాను అక్కా. లేస్తానని నాకే తెలియదు.

"ఐదోది నేను సెప్తానండి" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. "ఎవులూ? యాకోబా? నీ పేరు సంఘం పుస్తకంలో నేదు. మూడేళ్లు ప్రభువు బల్ల దగ్గర రొట్టి తీసుకోకపోతే పేరు కొట్టేస్తారు, తెలీదా?"

"నేనెళ్లి రెండేళ్ల ఏడు నెలలేనండి."

ఆడవాళ్ల వైపునుంచి ఎవరో కిసుక్కుమన్నారు. రత్నంగారి మొహం ఎర్రబడింది. "ఇప్పుడు టైము నేదు, కూకో" అన్నారు.

"మొదటి మాటకి మీరు నలభై ఆరు నిమిషాలు తీసుకున్నారండి. నాకు ఐదు సాలు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పాస్టరు మైకు దగ్గరనుంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. నేను వెళ్లి నిలబడ్డాను. మోకాళ్లు వణికాయి. పంతొమ్మిదేళ్ల కిందట రాసుకున్నదంతా గుర్తుంది, కాని అది చెప్పలేదు. ఇంత మాత్రం చెప్పాను. ఆ మూడు గంటల్లో ప్రభువు తన కోసం మనుషుల్ని అడిగింది ఇదొక్కటే. బంగారం అడగలేదు, ఏ పేదవాడైనా ఇవ్వగలిగింది అడిగాడు. అక్కడున్నవాళ్లు చిరక, అంటే పులిసిపోయిన ద్రాక్షరసం, ఇచ్చారు. ఇచ్చామనే అనుకుని ఉంటారు. మనమూ అంతే చేస్తాం. ఒక మనిషికి ఏం కావాలో వినకుండా, మనకు తోచింది చేతిలో పెట్టి, వాడికి మేలు చేశామని చెప్పుకుంటాం. మాట అడిగినవాడికి గ్లాసు ఇస్తాం.

అంతే. నాలుగు నిమిషాలు. వచ్చి కూర్చున్నాను. ఆరో మాటా ఏడో మాటా చెప్పేవాళ్లు తొందర పడలేదు. మూడూ పదికి ముగిసింది. ఎండకు ఎవరూ చనిపోలేదు.

గుమ్మం దగ్గర రత్నంగారు ఆగారు. కర్రతో మెట్టు తడుముకుంటున్నారు. నాకు జాలి వేయలేదని రాయను, వేసింది.

"నీకు ఉజ్జోగం యేయించినోణ్ణి నాను. గుర్తున్నాదా?"

"రోజూ గుర్తుంటాదండి."

"మరి?"

"ఉద్యోగం మీరిచ్చినారండి. ప్రభువు మాట మీరిచ్చేది కాదు."

వందనం పెట్టాను. తీసుకోకుండా వెళ్లిపోయారు.

సత్యం గుడిలో వెనక బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. బయటికి రాగానే, "ఒరే, ముప్పయ్యేళ్లు పక్కింట్లో ఉన్నావు, నీకింత నోరున్నాదని సెప్పనేదేట్రా?" అన్నాడు. గౌరమ్మ అతన్ని గదిమింది. "ఉన్నోళ్లందరూ నీలాగ వాగుతారేటి? అన్నయ్య దాసుకున్నాడు." తర్వాత నాతో మెల్లగా అంది, "మార్తొదిన ఇనుంటే ఇయ్యాల చెయ్యి ఎత్తేదే కాదు." తనకు ఆ సంగతి మార్త చెప్పిందన్నమాట. నాకు తెలియదు.

శనివారం పాస్టరు సత్యం ఇంటికి వచ్చాడు. మంచి కుర్రవాడే, పాపం టీ కూడా సరిగా తాగలేదు. "రెండు ముక్కలు క్షమాపణ రాసీండి అంకుల్. పెద్దాయన మీ పేరు మళ్లీ ఎక్కించెయ్యడానికి ఒప్పుకున్నారు. పేరు నేకపోతే సమాధి తోటలో... ఆంటీ పక్కన..." అని ఆగిపోయాడు.

అదీ నన్ను కొనడానికి పెట్టిన వెల. నాకు కావలసింది ఏమిటో రత్నంగారికి బాగా తెలుసు.

ఆ రాత్రి ఆలోచించాను. నీ దగ్గర దాచను, కాగితం కూడా తీశాను. మొదటి వాక్యం రాయబోతే, దేనికి క్షమాపణో తెలియలేదు. లేచినందుకా? నిమిషాలు చెప్పినందుకా? అవి నిజమైన నిమిషాలు. కాగితం మడిచి పెట్టేశాను.

ఈస్టరు నాడు తెల్లవారుజామున అందరితో పాటు కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరకు వెళ్లాను. ముందురోజే మార్త సమాధికి నేనూ సత్యమూ సున్నం వేశాం. దాని పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. ఎర్రమట్టి, వాన పడితే గడ్డి మొలుస్తుంది. చాలాసేపు చూశాను. కావాలనే ఉంది అక్కా. లేదంటే అబద్ధం. అయినా క్షమాపణ రాసి ఆ జాగాలో పడుకుంటే, పక్కన ఉన్న మనిషికి నేనేం చెప్పుకోను?

కాబట్టి బావగారికి నా జవాబు ఇది. రత్నంగారు నాకు అన్నం పెట్టించారు. ఎదురైతే వందనం పెడతాను, ఆయన తీసుకున్నా తీసుకోకపోయినా. ఆయన మంచం పడితే సెలవు పెట్టి వెళ్లి సేవ చేస్తాను. క్షమాపణ మాత్రం రాయను. పాస్టరుకు వేరే ఉత్తరం రాశాను. నేను వెళ్లిన తేదీ రాసి, మూడేళ్లు నిండకుండా కొట్టేసిన పేరు మళ్లీ రాయమని అడిగాను. బతిమాలలేదు, అడిగాను. రాస్తే సంతోషం. రాయకపోయినా వచ్చే గుడ్ ఫ్రైడేకి వెళ్తాను, ముందు వరసలో కూర్చుంటాను. ఐదో మాట కలిపేద్దామని ఎవరన్నా అంటే మళ్లీ లేస్తాను. ఈసారి మోకాళ్లు వణకవు. వణికినా లేస్తాను.

బావగారు నాతో మాట్లాడనంటే బాధగానే ఉంటుంది. అయినా తట్టుకుంటాను. నువ్వు మధ్యలో నలగొద్దు. వచ్చే నెల రెండు రోజులు సెలవు దొరుకుతుంది, పలాసలో దిగుతాను, ఇంట్లోకి రానిచ్చినా అరుగు మీద కూర్చోబెట్టినా సరే. గుమ్మడి వడియాలు పెట్టి ఉంటే కొంచెం ఉంచు. సుధ పరీక్షలు బాగా రాయాలని ప్రార్థన చేస్తున్నానని చెప్పు. పిన్నిగారికీ, మీ పాస్టరుగారికీ వందనాలు చెప్పు. నా కోసం నువ్వు చేసే ప్రార్థన మానవద్దు, నాకు అదే బలం.

ఒక్క పని చేసి పెట్టు. ఈ ఉత్తరం బావగారు తానే చదువుకుంటానంటారు. ఇవ్వొద్దు. నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది నువ్వు, నీ చదువు ఆయన చదువుకు ఏమీ తీసిపోదు. ఆయన్ను కూర్చోబెట్టి, నువ్వే గట్టిగా చదివి వినిపించు. సగంలో ఆపమంటారు.

ఆపకు.

నీ దీవెన కోరే తమ్ముడు,
యాకోబు