కుట్టుమిషన్‌కు చోటుందా?

గురువారం

సరోజ అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరి నెలయింది. అరవై దాటాక ఇంగ్లీష్ ఎందుకని అడిగితే నవ్వి ఊరుకుంది. నలభై ఏళ్ల కాపురంలో ఆ నవ్వును నేనెప్పుడూ నమ్మలేదు.

ఇవాళ ఆమె బల్కంపేట గుడికి వెళ్లినప్పుడు ఆమె క్లాసు నోటుబుక్కు తెరిచాను. "ఈజ్ ద రూమ్ వేకెంట్?" "ఈజ్ దేర్ వాటర్ ఎవ్రీడే?" "వెన్ కెన్ ఐ షిఫ్ట్?" అన్నీ ఇల్లు అద్దెకు అడిగే మాటలే. నా ఇంగ్లీష్ పంజాగుట్ట బోర్డులు చదివి నేర్చుకున్నది. "ట్రెస్‌పాసర్స్ విల్ బి ప్రాసిక్యూటెడ్", అంటే చొరబడితే కేసు పెడతాం అనేది, ఎప్పుడో కంఠతా వచ్చింది కానీ, ఇంతవరకు ఎవరి మీదా వాడే అవకాశం రాలేదు. సరే, అది వేరే సంగతి.

ఆమె రాగానే అడిగాను.

"ఎవరికోసం ఇల్లు చూస్తున్నవ్?"

"గవన్నీ సారు రాయిస్తడు. పోలీసోని లెక్క గీ ఎంక్వైరీ ఏంది? జర నా బుక్కు జోలికి రాకు."

నమ్మేవాణ్నే. కానీ చివరి పేజీలో పెన్సిల్‌తో ఇంకో ప్రశ్న రాసి ఉండటం పొద్దునే చూశాను. "ఈజ్ దేర్ ప్లేస్ ఫర్ మై స్యూయింగ్ మెషిన్?" కుట్టుమిషన్‌కు చోటడగమని ఏ సారు రాయిస్తాడు? ఆ మిషన్ మా వరండాలో నా పడకకుర్చీ పక్కనే ఉంటుంది.

ఆమె వంటింట్లో ఉండగా బుక్కంతా మళ్లీ తిరగేశాను. పడకకుర్చీకి చోటుందా అని ఎక్కడా అడగలేదు.