బస్ స్టాప్‌కి నీడ కావాలని

మే 12, సోమవారం

ఇక్కడి ఏరియా కౌన్సిల్‌కి వచ్చే ఏడాది పనుల ప్రపోజల్స్ తయారు చేసి పెట్టడం మా కన్సల్టెన్సీ పని. ఇవాళ మీటింగంతా కొత్తగా కట్టబోయే ఫౌంటెన్ మీదే నడిచింది. లైట్లు నీలం రంగువా, బంగారు రంగువా? అబ్బ, తల పగిలిపోయింది.

ముబారక్ అల్ కబీర్ ఏరియాలో బస్ స్టాప్‌కి ఏసీ షెల్టర్ అన్న నా ఐటమ్ చివర్లో వచ్చింది. అప్పటికే అందరూ కారు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. అక్కడ బస్సు కోసం ఎవరు నిలబడతారని ఒకాయన అడిగాడు. నిజమే, మా సర్వే ఫొటోలో మనిషన్నవాడు లేడు. ఎలా ఉంటాడు? సర్వే చేసింది మంగళవారం. ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో పనిచేసేవాళ్లు బయటికొచ్చేది సెలవు రోజు, శుక్రవారం. ఇన్నేళ్లుగా కువైట్‌లో ఉండీ మా ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

వచ్చే మీటింగ్‌లో మనుషుల్ని చూపించకపోతే ఆ డబ్బు కూడా ఫౌంటెన్‌కే పోతుందట.

మే 16, శుక్రవారం, మధ్యాహ్నం

సెలవు పూట నాకెందుకీ ఖర్మ అనుకుంటూ వెళ్లాను. ఎండ మాడ్చేస్తోంది. స్టాప్ నిండా జనం. ఉన్న నీడల్లా కరెంటు స్తంభానిది. దాంట్లో ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడ్డారు.

ఒకావిడ ఫోన్‌లో తెలుగు మాట్లాడుతోంది. పేరు గంగులమ్మ, రాయచోటి వైపు మనిషి. స్టాప్ ఎదురింట్లోనే పని. చెల్లెలు వెంకటేశ్వరి ఫహాహీల్‌లో ఇంకో ఇంట్లో చేస్తుందట. వారానికి ఒక్క పూట చెల్లెలితో కూర్చుని ఇంత అన్నం తినడానికే ఈ బస్సు. ఆ పూట గూడా లేకుంటే నాకు పిచ్చి పడ్తాది ప్రణతమ్మా అంది.

మీటింగ్‌లో చూపించడానికి ఫొటో తీసుకోనా అని అడిగాను. తీసుకో తల్లీ, ఈ ఎండ ఎట్లుంటాదో వాళ్లకూ రవంత తెలియల్ల అంటూ చున్నీ సర్దుకుని నిలబడింది. వెనకాల వాళ్ల ఇంటి గేటు కూడా పడింది. ఫొటో బాగా వచ్చింది. వెళ్తూ వెళ్తూ నా నంబరు తీసుకుంది.

మే 20, మంగళవారం

పాసయింది! మొదటి స్లైడే గంగులమ్మ. ఫౌంటెన్ వాళ్లు కూడా సరేనన్నారు.

ఒక సభ్యుడు గేటు గుర్తుపట్టి, ఇది మావాళ్ల ఇల్లే అని నవ్వాడు. ఫొటో పంపమన్నాడు. సాయంత్రం దీవానియాలో చూపిస్తాడట. ఇక్కడి మగవాళ్లు టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే చావడి అది. అక్కడ ఊఁ అనిపించుకుంటే తర్వాత ఎవరూ అడ్డు చెప్పరు, యల్లా పంపించెయ్ అన్నాడు మా మేనేజర్.

పంపేశాను.

మే 23, శుక్రవారం

గంగులమ్మ ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు.

దీవానియాలో ఫొటో చేతులు మారి వాళ్ల మామా దాకా పోయిందట. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్లు అలాగే పిలుస్తారు. మా మనిషిని ఎండలో నిలబెట్టామని ఏరియా అంతా అనుకుంటున్నారు, మా పరువు తీశావని మామా అరిచిందట. ఇంక బస్సు ఖలాస్, ఇంట్లో నీకేం తక్కువ అందట. కొట్టలేదు, జీతం ఆపలేదు. కొత్త బట్టలు కూడా కొనిచ్చిందట. గేటు మాత్రం తీయదు.

నీ తప్పేముందిలే తల్లీ అంది గంగులమ్మ. నాలుగు తిట్టినా బాగుండేది.

మే 25, ఆదివారం

ఆ ఇంటివాళ్లతో ఒక్క మాట చెప్పమని మేనేజర్‌ని బతిమాలాను. కదిపితే ఆ ఇంటాయన తన ఇంటి ముందు షెల్టరే వద్దంటాడు, ఐటమ్ మొత్తం పోతుంది, మిగతావాళ్లంతా ఎండలోనే ఉండిపోతారు, నీకిష్టమేనా అన్నాడు.

ఇష్టం లేదు. ఆయన మీద ఒళ్లు మండింది. కానీ ఆయన చెప్పింది అబద్ధం కాదు. నా సీట్లోకి వచ్చి ఫౌంటెన్ లైట్ల డ్రాయింగ్ సరిచేశాను. బంగారు రంగు ఖాయమైంది.

జూన్ 17, మంగళవారం

గంగులమ్మకి ఫోన్ చేద్దామనుకున్నాను. చేయలేదు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

షెల్టర్ తెరిచారు. అటుగా కారులో వెళ్లాను. అద్దాల లోపల బెంచీ మీద అచ్చం గంగులమ్మ పోలికలే ఉన్న మనిషి, చెవి దగ్గర ఫోన్, ఒళ్లో అన్నం డబ్బా. వెంకటేశ్వరి అయి ఉంటుంది. ఆమె చూస్తున్న వైపు చూశాను. ఎదురింటి మేడ మీద, కిటికీలో గంగులమ్మ. ఆమె కూడా ఫోన్ పట్టుకుని కంచంలో అన్నం కలుపుకుంటోంది. నన్ను గుర్తుపట్టి ఎంగిలి చెయ్యి ఊపింది.

కారు ఆపలేకపోయాను.